మదనపల్లెలో మార్గరెట్ కజిన్స్

రాయలసీమ నేల మైసూరు పీఠభూమి వైపు మెట్లుమెట్లుగా ఎత్తు పెరిగే చోట మదనపల్లె ఉన్నది. సముద్రమట్టానికి సుమారు 2,300 అడుగుల ఎత్తున, బాహుదా నది ఒడ్డున వెలసిన ఈ పట్టణానికి చుట్టూ కొండలే కాపు. వానిలో ప్రసిద్ధమైనది ఏనుగు మల్లమ్మ కొండ. కడప జిల్లా కలెక్టరుగా ఉండిన హార్స్లీ దొర 1870 ప్రాంతంలో వేసవి విడిదికై దానిపై ఇల్లు కట్టించుకొన్నాడు. నాటినుండి మల్లమ్మ కొండ లోకవ్యవహారంలో హార్స్లీ కొండ అయినది.

ఈ సీమలో రాజ్యాలు ఎన్నో మారినవి. విజయనగర ప్రభువుల వెనుక పాలెగాండ్రు, కడప నవాబులు, మైసూరు సుల్తానులు ఒకరి తరువాత ఒకరు ఏలారు. 1800లో నిజాము దత్తమండలాలను కుంఫిణీకి ధారపోసినపుడు మదనపల్లె కూడా ఇంగ్లీషువారి చేతికి పోయినది. 1911 వరకు అది కడప జిల్లాలో ఉండి, ఆ ఏట చిత్తూరు జిల్లా ఏర్పడినపుడు అందులో చేరినది. 2022లో అన్నమయ్య జిల్లాలోనికి మారినది. ఏలికలు మారినా ఊరి జీవనం పెద్దగా మారలేదు. రైతులు చెరువుల క్రింద, బావుల క్రింద సేద్యం చేసేవారు. నీరుగట్టువారిపల్లెలో మగ్గాలపై పట్టుచీరలు నేసేవారు. నేటికీ నేస్తున్నారు. ఈనాడు మదనపల్లె అనగానే టమాటా మార్కెట్టు గుర్తుకు వస్తుంది. రైలు సైతం ఊరిలోనికి రాలేదు. మదనపల్లె రోడ్ స్టేషను ఊరికి దూరంగా సీ.టీ.ఎం. దగ్గర ఉన్నది.

రైలుకు దూరమైన ఈ ఊరికి మనుష్యులు మాత్రం దూరదేశాలనుండి వచ్చారు. 1863లో అమెరికా దేశస్థుడైన జేకబ్ చేంబర్లేన్ అనే వైద్యుడు, క్రైస్తవ మత ప్రచారకుడు, ఇక్కడ స్థిరపడ్డాడు. తెలుగు నేర్చి, రోగులకు మందులిచ్చి, తెలుగు బైబిలును సంస్కరించే సంఘానికి పెద్దగా పనిచేసి, 1908లో ఈ ఊరిలోనే కన్నుమూశాడు. ఆ అమెరికా మిషనువారే మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రిని నెలకొల్పారు. క్షయరోగులకు ఇక్కడి పొడిగాలి మేలు చేస్తుందని తలచి, ఊరి సమీపాన ఆరోగ్యవరంలో శానిటోరియం కట్టారు. దానికి తొలి పెద్ద డెన్మార్కు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్. తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి 1895లో జన్మించినది కూడా మదనపల్లెలోనే. 1915లో అనీబిసెంటు ప్రోత్సాహంతో దివ్యజ్ఞాన సమాజంవారి కళాశాల ఇక్కడ వెలసినది.

ఆ కళాశాల తొలి దినాలలో ఒక ఐరిష్ దంపతులు ఈ ఊరికి వచ్చారు. భర్త కవి, భార్య సంగీత విద్వాంసురాలు. ఆ భార్యయే మార్గరెట్ కజిన్స్. జాతీయగీతం పాడే పాఠశాలలలో ఆమె పేరు ఎప్పుడో ఒకప్పుడు వినబడుతూ ఉంటుంది. కాని ఆమె చేసినది ఏమిటో, చేయనిది ఏమిటో సరిగా ఎరిగినవారు తక్కువ. చేయని దానికి కీర్తి దక్కి, చేసిన దానికి దక్కకపోవడం ఆమె విషయంలో జరిగినది.

కొండ క్రింది ఊరినుండి

ఐర్లండు పశ్చిమ భాగాన రాస్కామన్ కౌంటీలో బాయిల్ అనే చిన్న ఊరున్నది. కర్లూ కొండల పాదాన, ఒక ఏటి ఒడ్డున ఉన్న ఆ ఊరిలో 1878 నవంబరు 7వ తేదీన మార్గరెట్ ఎలిజబెత్ గిలెస్పీ జన్మించారు. పెద్ద కుటుంబంలో ఆమె తొలి సంతానం. ఐర్లండు అప్పటికి ఇంగ్లండు ఏలుబడిలో ఉన్న దేశం. తండ్రి న్యాయస్థానంలో గుమాస్తా. విద్యార్థివేతనం సంపాదించి ఆమె డెర్రీ పట్టణంలో చదువుకొన్నారు. పిమ్మట రాజధాని డబ్లిను నగరం చేరి సంగీతం అభ్యసించారు. 1902లో రాయల్ విశ్వవిద్యాలయం ఆమెకు సంగీతంలో పట్టమిచ్చింది.

1903లో ఆమె జేమ్స్ హెన్రీ కజిన్సును వివాహమాడారు. ఆయన బెల్ఫాస్టు నగరంలో పుట్టిన కవి, నాటకకర్త. ఐరిష్ సాహిత్యానికి పునర్జీవం పోసిన యేట్సు మొదలైనవారి కూటమిలో తిరిగినవాడు. దంపతులిద్దరు శాకాహారులు, దివ్యజ్ఞాన సమాజం భావాలపట్ల ఆకర్షితులు. ఆ కాలపు డబ్లినులో ఈ రెండూ వింత విషయాలే.

1906లో మాంచెస్టరులో జరిగిన ఒక మహిళాసభ మార్గరెట్ జీవితాన్ని మలుపు తిప్పినది. పన్నులు చెల్లించే స్త్రీకి, చదువు చెప్పే స్త్రీకి, బిడ్డలను పెంచే స్త్రీకి తనను ఏలేవారిని ఎన్నుకొనే హక్కు ఎందుకు లేదన్న ప్రశ్న ఆమెను పట్టుకొన్నది. 1908లో ఆమె హన్నా షీహీ స్కెఫింగ్టనుతో కలసి ఐరిష్ మహిళల ఓటుహక్కు సంఘాన్ని స్థాపించారు. వీధులలో, సంతలలో పెట్టెల మీద నిలబడి ఉపన్యాసాలిచ్చారు. జనం ఎగతాళి చేసినా లెక్కచేయలేదు.

1910లో లండనులో మహిళలు పార్లమెంటు వైపు ఊరేగింపుగా పోగా పోలీసులు వారిని క్రూరంగా చెదరగొట్టారు. డబ్లినునుండి వెళ్ళిన ఆరుగురిలో మార్గరెట్ ఒకరు. ఆ కోపంతో మంత్రుల ఇండ్ల కిటికీ అద్దాలు పగులగొట్టినందుకు ఆమెకు హాలోవే చెరసాలలో ఒక నెల శిక్ష పడినది. 1913లో ఐర్లండు స్వపరిపాలన బిల్లులో స్త్రీలకు చోటు లేకపోవడం చూచి డబ్లిను కోట కిటికీలపై రాళ్ళు విసిరి మరల ఒక నెల జైలుకు పోయారు. అక్కడ తమను రాజకీయ ఖైదీలుగా గుర్తించాలని తోటివారితో పాటు నిరాహారదీక్ష పూని, ఆ కోరిక నెగ్గించుకొన్నారు. స్వరాజ్యం వచ్చినంత మాత్రాన స్త్రీకి స్వాతంత్ర్యం దానంతట అది రాదన్న పాఠం ఆమె అక్కడే నేర్చారు. భారతదేశంలో ఆమె చేసిన పని అంతటికీ ఈ పాఠమే పునాది.

అడయారు నుండి మదనపల్లెకు

1915లో కజిన్సు దంపతులు మద్రాసు చేరారు. అనీబిసెంటు నడిపే న్యూ ఇండియా దినపత్రికలో జేమ్సుకు ఉపసంపాదకుని ఉద్యోగం. మరుసటి ఏడు 1916 ఏప్రిలులో డబ్లినులో ఈస్టరు తిరుగుబాటు జరిగినది. దానిని ఇంగ్లీషువారు అణచివేసి నాయకులను కాల్చి చంపారు. వారిలో కొందరిని జేమ్సు ఎరుగును. వారిని మెచ్చుకొంటూ ఆయన పత్రికలో వ్రాశారు. అచ్చు చట్టం క్రింద ప్రభుత్వం అప్పటికే ఆ పత్రిక మీద కన్ను వేసి ఉన్నది. జేమ్సు ఉద్యోగం పోయినది. ఆయనను మదనపల్లె కళాశాలకు ఇంగ్లీషు ఆచార్యునిగా పంపారు.

ఆ విధంగా ఒక వ్యాసం చేసిన చేటు మదనపల్లెకు మేలైనది. నగరంలో పలుకుబడి గల పత్రికను విడచి, రైలు దిగి బండిలో ప్రయాణం చేసి చేరవలసిన ఊరికి వారు వచ్చారు. కొండల క్రింది ఊరిలో పుట్టిన మార్గరెట్ మరల కొండల క్రింది ఊరికే చేరారు. బాయిల్ పచ్చని తడి నేల, మదనపల్లె చింతచెట్లు, రాతిగుట్టలు గల పొడి నేల. ఆకాశం వేరు, భాష వేరు. అయినను ఇల్లు దాటని స్త్రీలు మాత్రం రెండు చోట్లా ఉన్నారు.

కళాశాల ఉపాధ్యాయుల భార్యలను ఆమె వారానికొకమారు సమావేశపరచసాగారు. చదువు, ఆరోగ్యం, శిశుపోషణ, కుట్టుపని, దేశవార్తలు ఇటువంటివే అక్కడి మాటలు. ఆ చిన్న కూటమికి అబలాభివర్ధినీ సమాజం అని పేరు. పేరులో అబల అన్న మాట ఉన్నది గాని పనిలో ఆ మాటను తుడిచివేయడమే సమాజం ఉద్దేశం. భర్త పేరు చెప్పడానికి సిగ్గుపడే ఇల్లాలు పదిమంది ముందు నిలబడి నాలుగు మాటలు మాట్లాడడం ఆనాడు చిన్న విషయం కాదు.

1917 మే నెలలో అడయారులో భారత మహిళా సంఘం స్థాపన జరిగినది. అనీబిసెంటు అధ్యక్షురాలు. డొరతీ జినరాజదాస, మార్గరెట్ దానికి ముఖ్య కార్యకర్తలు. మదనపల్లెలో చేసి చూచిన ప్రయత్నం ఈ పెద్ద సంఘానికి అనుభవమై ఉపకరించినది. సంఘం పక్షాన వెలువడిన స్త్రీధర్మ పత్రికకు మార్గరెట్ సంపాదకత్వం వహించారు.

మంత్రి ముందు పెట్టిన కోరిక

1917 చివర భారత రాజ్యాంగ సంస్కరణలపై అభిప్రాయాలు తెలుసుకొనడానికి ఇంగ్లండునుండి మంత్రి మాంటేగు వచ్చారు. స్త్రీవిద్యను గురించి విన్నవించుకొనడానికి మార్గరెట్ అనుమతి కోరారు. రాజకీయ విషయాలపై తప్ప విజ్ఞప్తులు స్వీకరించమని జవాబు వచ్చినది. ఇంకొకరైతే అంతటితో ఊరకుండేవారు. ఆమె మాత్రం వెంటనే విజ్ఞప్తిని తిరగవ్రాసి, అందులో స్త్రీల ఓటుహక్కును చేర్చారు. రాజకీయం కావాలంటే ఇదిగో రాజకీయం అన్నట్లు ఉన్నది ఆ పని.

1917 డిసెంబరు 18వ తేదీన మద్రాసులో మహిళా ప్రతినిధి వర్గం మాంటేగును, వైస్రాయి చెమ్స్‌ఫర్డును కలుసుకొన్నది. దానికి నాయకురాలు మన హైదరాబాదు కోకిల సరోజినీ నాయుడు. పురుషులకు ఏయే నియమాలపై ఓటు ఇస్తారో స్త్రీలకూ అవే నియమాలపై ఇవ్వాలన్నది వారి కోరిక. మార్గరెట్ కూడా ఆ వర్గంలో ఉన్నారు. కాని ముందు నిలబడినది సరోజినీదేవి. ఇది మార్గరెట్ పద్ధతి. కాగితం తాను వ్రాసి, గొంతు ఈ దేశపు స్త్రీకి వదలివేసేవారు.

ఓటుహక్కు సంఘం ఆ కోరికను త్రోసిపుచ్చినది. 1919లో సరోజినీ నాయుడు, అనీబిసెంటు, హీరాబాయి టాటా లండను వెళ్ళి పార్లమెంటు సంఘం ముందు వాదించారు. చివరకు ఆ ఏటి చట్టం స్త్రీల ఓటు సమస్యను రాష్ట్ర శాసనసభల ఇష్టానికి విడచినది. 1921లో మద్రాసు శాసనసభ స్త్రీలపై నిషేధాన్ని తొలగించినది. అప్పటికి ఇంగ్లండులో ముప్పది ఏండ్లు నిండని స్త్రీకి ఓటు లేదు. పురుషులతో సమానమైన ఓటు అక్కడి స్త్రీలకు 1928లో గాని రాలేదు. పాలకదేశపు స్త్రీకంటె పాలితదేశపు స్త్రీ ముందుగా సమాన నియమాలపై ఓటు పొందినదన్న మాట.

అయితే ఈ విజయాన్ని ఉన్నదానికంటె పెద్దది చేసి చెప్పరాదు. ఆ రోజుల ఓటు ఆస్తిని బట్టి వచ్చేది. స్త్రీలలో ఆస్తి కలవారు ఎందరు? మదనపల్లె మగ్గాల ముందు కూర్చున్న నేతగత్తెకు, వేరుసెనగ చేలో కలుపు తీసే కూలిమనిషికి 1921 చట్టం ఏమీ ఇవ్వలేదు. తలుపు తెరచుకొన్నది గాని గడప దాటినవారు కొద్దిమందే.

1919 ఫిబ్రవరి

మదనపల్లె కళాశాల తన దేశభక్తికి మూల్యం చెల్లించవలసి వచ్చినది. 1917 జూనులో ప్రభుత్వం అనీబిసెంటును నిర్బంధించినపుడు కళాశాల స్వపరిపాలన ఉద్యమం పక్షం వహించినది. అంతట మద్రాసు విశ్వవిద్యాలయంతో దాని సంబంధం తెగినది. కొంతకాలం అది అడయారులో స్థాపించిన జాతీయ విశ్వవిద్యాలయం క్రింద నడచినది. ఆ జాతీయ విశ్వవిద్యాలయానికి కులపతి రవీంద్రనాథ ఠాకూరు.

1919 ఆరంభంలో రవీంద్రులు దక్షిణదేశ యాత్ర చేశారు. ఊరూర ఉపన్యాసాలతో అలసిన కవికి విశ్రాంతి కావలసి వచ్చినది. కళాశాల ప్రధానాచార్యునిగా ఉన్న జేమ్సు ఆహ్వానించగా ఫిబ్రవరి నెలలో ఆయన మదనపల్లె వచ్చి కొన్ని దినాలు గడిపారు. కళాశాలలో వారానికొక సాయంకాలం ఉపాధ్యాయులు, విద్యార్థులు కూడి పాటలు, వినోదాలు జరుపుకొనే ఆచారం ఉండేది. అటువంటి ఒక సాయంకాలం రవీంద్రులు జనగణమన పాడారు. విద్యార్థులకు బెంగాలీ రాదు. కాని దేశాల పేర్లు, నదుల పేర్లు, కొండల పేర్లు ఎవరికి తెలియనివి? పల్లవి వచ్చినపుడల్లా వారు గొంతు కలిపారు.

మార్గరెట్ ఆ పాటను విడువలేదు. తరువాతి దినాలలో రవీంద్రులచేత పాడించుకొని, పాశ్చాత్య పద్ధతి స్వరలిపిలో వ్రాసుకొన్నారు. వ్రాసిన దానిని ఆయనకు వినిపించి సమ్మతి పొందారు. రవీంద్రులు స్వయంగా పాటను ఇంగ్లీషులోనికి అనువదించి, స్వదస్తూరీతో వ్రాసి కళాశాలకు ఇచ్చారు. ఆ ప్రతిపై మదనపల్లె పేరు, 1919 ఫిబ్రవరి 28 తేదీ ఉన్నవి. నాటినుండి కళాశాలలో జనగణమన ప్రార్థనాగీతమైనది.

ఈ సంఘటననుండియే ఒక పొరపాటు మాట పుట్టినది. జనగణమనకు బాణీ కట్టినది మార్గరెట్ కజిన్సు అని పాఠశాల సభలలో, పత్రికలలో తరచుగా చెబుతారు. అది నిజం కాదు. రవీంద్రులు ఆ గీతాన్ని 1911లో వ్రాశారు. ఆ ఏడు డిసెంబరు 27వ తేదీన కలకత్తా కాంగ్రెసు మహాసభలో దానిని పాడారు. ఏడేండ్ల క్రితమే సభలో పాడిన పాటకు మదనపల్లెలో క్రొత్తగా బాణీ పుట్టడం ఎట్లు సాధ్యం? సాహిత్యం, సంగీతం రెండూ రవీంద్రులవే.

అయితే మార్గరెట్ చేసినది ఏమీ లేదా? ఉన్నది. గొంతునుండి గొంతుకు పోయే పాట పోయిన చోటనల్లా కొంత మారుతుంది. ఒకరు దీర్ఘం తీస్తారు, ఒకరు మెలిక వేస్తారు. బెంగాలీ రానివారు, బెంగాలీ సంగీతం విననివారు దానిని కూడి పాడాలంటే ఒక స్థిరమైన లిపి కావాలి. కవి గొంతులోని పాటను, కవి ఎదుట, కవి సమ్మతితో, వాద్యంపై ఎవరైనా వాయించగల రూపంలో ఆమె కాగితానికి ఎక్కించారు. కల్పన వేరు, సంరక్షణ వేరు. ఆమెది సంరక్షకురాలి పుణ్యం. ఆ పుణ్యానికి తగిన గౌరవం ఇవ్వడానికి కవి సొత్తును ఆమెకు కట్టబెట్టనక్కరలేదు. ఆమె ఉంటే ముందుగా ఆ పొరపాటును సరిదిద్ది ఉండేవారని ఆమె పద్ధతిని ఎరిగినవారికి తోచక మానదు.

1937లో జాతీయగీతం ఏది కావాలన్న చర్చ దేశంలో చెలరేగినపుడు జనగణమనను బలపరుస్తూ జేమ్సు మదనపల్లెనుండి పత్రికలకు వ్రాశారు. 1950 జనవరి 24వ తేదీన రాజ్యాంగసభ ఆ గీతాన్ని జాతీయగీతంగా ప్రకటించినది.

వెల్లూరు చెరసాల

మదనపల్లెనుండి మార్గరెట్ పని దేశమంతటా వ్యాపించినది. కొంతకాలం మంగళూరు జాతీయ బాలికా పాఠశాలకు ఆమె ప్రధానోపాధ్యాయిని. 1922లో మద్రాసు సమీపాన సైదాపేటలో గౌరవ మేజిస్ట్రేటు పదవి పొంది, భారతదేశంలో ఆ పదవినెక్కిన తొలి మహిళ అయ్యారు. రెండుమార్లు చెరసాల చూచిన ముద్దాయి న్యాయపీఠం ఎక్కడం అందరికీ వింతయే. 1926లో శాసనసభకు మహిళలు పోటీ చేసే హక్కు వచ్చినపుడు కమలాదేవీ చట్టోపాధ్యాయను పోటీకి ప్రోత్సహించినది ఆమెయే. కమలాదేవి కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయారు. కాని స్త్రీ పోటీ చేయగలదని దేశం చూచినది.

స్త్రీలకు ఎటువంటి విద్య కావాలో స్త్రీలే కూడి చెప్పాలన్న ఉద్దేశంతో 1926లో మార్గరెట్ దేశమంతటా లేఖలు పంపారు. ఫలితంగా 1927 జనవరిలో పూనాలో అఖిల భారత మహిళాసభ తొలిసారి సమావేశమైనది. బరోడా మహారాణి చిమనాబాయి అధ్యక్షత వహించారు. ఆ సభ బాల్యవివాహ నిరోధానికి వచ్చిన శారదా చట్టానికి అండగా నిలచినది. 1932లో ఢిల్లీలో లేడీ ఇర్విన్ కళాశాలను స్థాపించినది. 1931లో లాహోరులో ఆసియా మహిళల మహాసభ జరిగినపుడు దాని వెనుక ఉన్నదీ మార్గరెట్ కృషియే.

1932లో ప్రభుత్వం అత్యవసర శాసనాలతో సభలను, వాక్కును అణచివేస్తూ ఉండగా ఆమె మద్రాసులో బహిరంగసభలో దానిని ఖండించారు. ఒక సంవత్సరం శిక్ష వేసి ఆమెను వెల్లూరు చెరసాలకు పంపారు. అప్పటికి ఆమె వయస్సు 54. పడుచుదనంలో తన దేశపు స్త్రీలకై జైలుకు పోయిన వ్యక్తి, నడివయస్సు దాటినాక పరదేశపు ప్రజల వాక్స్వాతంత్ర్యానికై పోయారు. గాంధీజీ నిరశనకు సానుభూతిగా జైలులో తానూ ఉపవసించారు.

1933లో విడుదలై ఆమె మరల మదనపల్లె చేరారు. జేమ్సు రెండవమారు ఆ కళాశాలకు ప్రధానాచార్యులై ఉన్నారు. ప్రాచ్య, పాశ్చాత్య సంగీతాలను పోల్చి ఆమె వ్రాసిన గ్రంథం 1935లో వెలువడినది. పాశ్చాత్యులు అనేక స్వరాలను ఒక్కమారు పలికించి అందం సాధిస్తారు. మనవారు ఒక్క స్వరాన్ని పట్టుకొని దాని లోతు చూస్తారు. ఈ రెండింటిలో ఒకటి గొప్ప, ఒకటి తక్కువ అనక, రెండింటిని సమదృష్టితో వినగల చెవి ఆమెది. 1936లో అఖిల భారత మహిళాసభ ఆమెను అధ్యక్షురాలిగా ఎన్నుకొన్నది. పిమ్మట ఆమె నాయకత్వంనుండి క్రమంగా తప్పుకొన్నారు. పని ఇక ఈ దేశపు స్త్రీల చేతులలోనికి వచ్చినది గనుక తాను ముందుండనక్కరలేదని ఆమె అభిప్రాయం.

కడపటి సంవత్సరాలు

1940వ దశకం నడుమ పక్షవాతం ఆమెను మంచాన పడవేసినది. వాయించే వ్రేళ్ళు, వ్రాసే చేయి స్వాధీనం తప్పినవి. చేతిలో డబ్బు లేదు. సంపాదించుకొనడానికి ఆ దంపతులు ఎన్నడూ పూనుకోలేదు. అయినను 1950లో దంపతులిద్దరి ఆత్మకథ ఒకే గ్రంథంగా అచ్చయినది. మద్రాసు ప్రభుత్వం, ప్రధాని నెహ్రూ ఆమెకు ధనసహాయం చేశారు. దేశం ఆమె ఋణాన్ని కొంతైనా గుర్తించినదన్న తృప్తి మనకు ఈ మాత్రం మిగిలినది.

ఆమె మంచాన ఉండగానే 1950లో రాజ్యాంగం అమలులోనికి వచ్చి, ఆస్తితో, చదువుతో, లింగభేదంతో పని లేకుండా వయోజనులందరికీ ఓటు ఇచ్చినది. 1952 నాటి తొలి ఎన్నికలలో మగ్గం ముందున్న స్త్రీ, చేలోని స్త్రీ, ఉపాధ్యాయుని ఇల్లాలు ఒకే వరుసలో నిలబడి ఓటు వేశారు. 1917లో ఒక విజ్ఞప్తిని తిరగవ్రాసి అందులో చేర్చిన కోరిక ముప్పదియైదు ఏండ్లకు పూర్తిగా ఫలించినది. 1921లో సగమే తెరచుకొన్న తలుపు ఇప్పుడు బార్లా తెరచుకొన్నది.

1954 మార్చి 11వ తేదీన మార్గరెట్ కజిన్సు అడయారులో మరణించారు. జేమ్సు అటు తరువాత మదనపల్లె చేరి, 1956 ఫిబ్రవరి 20వ తేదీన ఆ ఊరిలోనే తనువు చాలించారు. ఒక వ్యాసం కారణంగా నగరం వదలి వచ్చిన కవికి ఈ కొండల క్రింది ఊరే కడపటి ఊరైనది.

మదనపల్లె రాజధాని కాదు, పుణ్యక్షేత్రం కాదు. కాని వైద్యుడు వస్తే రోగులను ఇచ్చినది, ఆచార్యుడు వస్తే విద్యార్థులను ఇచ్చినది, అలసిన కవి వస్తే చల్లని గాలిని, వినే చెవులను ఇచ్చినది. అక్కడి ఉపాధ్యాయుల భార్యలు పదిమంది కూడిన కూటమి దేశవ్యాప్తమైన మహిళోద్యమానికి ఒక మొలక అయినది. అక్కడి విద్యార్థులు గొంతు కలిపిన పాట ముప్పదియొక్క ఏండ్లకు జాతి పాట అయినది. ఇవి జరిగిన దినాలలో గొప్ప పని చేస్తున్నామని ఆ ఊరిలో ఎవరూ అనుకొని ఉండరు.

ఈనాడు పాఠశాలలలో ఉదయం జాతీయగీతం పాడించే ఉపాధ్యాయులు మదనపల్లె కథ చెప్పదలచితే సరిగా చెప్పాలి. పాట రవీంద్రులది, బాణీ రవీంద్రులది. దానిని చెదరనీయకుండా స్వరలిపిలో నిలిపిన చేయి మార్గరెట్ కజిన్సుది. ఆ చేయియే స్త్రీల ఓటుకై విజ్ఞప్తి వ్రాసినది. పాటను గురించి చెప్పి ఓటును గురించి చెప్పకపోతే ఆమె కథ సగమే చెప్పినట్లు. వరుసలో నిలబడి పాడే బాలికలకు ఆ రెండవ సగం తప్పక తెలియాలి.